సీటీ వాల్యూమ్‌లో హెచ్‌యూ రేంజ్ సర్దుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో సీటీ టెక్నీషియన్‌ని. పగలంతా మెషీన్ దగ్గర ఉంటాను, సాయంత్రాలు మాత్రం బైరాగిపట్టెడలో మా మిద్దె మీద ల్యాప్‌టాప్‌లు పట్టుకొచ్చే ప్రాజెక్టు పిల్లలతో గడిచిపోతాయి. ఏర్పేడు ఐఐటీ నుంచి వస్తారు, యూనివర్సిటీ నుంచి వస్తారు, చిత్తూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వస్తారు, అందరూ తెచ్చే చిక్కు మాత్రం దాదాపు ఒకటే: "అక్కా, నంబర్లు ఏవో తేడాగా ఉన్నాయి." సీటీ ఒంటిని సన్న పొరలుగా, అంటే స్లైసులుగా తీస్తుంది, అవన్నీ వరసగా పేర్చితే వాల్యూమ్. ఆ డేటాలో ప్రతి చుక్కకూ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరుకు ఒక అర్థం ఉంటుంది. ఆ అర్థం పోకుండా రేంజ్ ఎట్లా సర్దాలో రాస్తున్నాను. ఇది రోగం తేల్చుకోవడానికి కాదు, ఆ పని రేడియాలజిస్టుది.

హెచ్‌యూ అంటే ఏంటి? ఆ నంబరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్స్‌రే ఒంట్లోంచి దూసుకుపోయేటప్పుడు ఒక్కో చోట ఒక్కో మోతాదులో ఆగిపోతుంది. ఎంత ఆగిందో నీళ్ళతో పోల్చి వేసిన లెక్కే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్, మేం వాడుకలో హెచ్‌యూ అంటాం. నీళ్ళు 0, గాలి -1000, ఈ రెండూ మేకులు కొట్టినట్టు స్థిరం. నీళ్ళకంటే వెయ్యో వంతు ఎక్కువ ఆపితే 1, వెయ్యో వంతు తక్కువ ఆపితే -1. నెయ్యి నీళ్ళ మీద తేలుతుంది కదా, ఒంట్లో కొవ్వు కూడా నీళ్ళకంటే తేలికే, ఎక్స్‌రేని తక్కువే ఆపుతుంది, అందుకే దాని నంబరు -100 చుట్టుపక్కల తిరుగుతుంది. కండ 40 నుంచి 60, కాంట్రాస్ట్ (రక్తనాళాలు మెరిసి కనపడ్డానికి ఎక్కించే మందు) ఎక్కించని లివర్ 50 నుంచి 60, అప్పుడే గడ్డకట్టిన రక్తం 60 నుంచి 80. ఊపిరితిత్తి ఎక్కువగా గాలే కాబట్టి -700, -800 అట్లా ఉంటుంది. గట్టి ఎముక 1000 దాటిపోతుంది.

ఈ పేరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ మీదుగా వచ్చింది. ఆయన ఈఎంఐ కంపెనీ ఇంజనీరు, డాక్టరు కాదు. ఆయన మెషీన్‌తో మొదటి పేషెంటుకు తల స్కాన్ తీసింది 1971 అక్టోబరు 1న, లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో. 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. మొదట్లో గాలి -500గా ఉండే స్కేలు వాడారు, తర్వాతే దాన్ని రెట్టింపు చేసి -1000 చేశారు. ఇంజనీరింగ్ పిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్తుంటాను, ఈ రంగం మనది కాదేమో అని వెనకాడేవాళ్ళు చాలామంది ఉంటారు, వీళ్ళలాంటివాళ్ళతోనే ఇది మొదలైంది.

విండో మారిస్తే డేటా మారిపోతుందా?

మారదు. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే మిగతా సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయి. విండో అంటే చూసే పద్ధతి, ఫైల్లో ఉన్న నంబరును అది ముట్టుకోదు. క్లిప్ చేయడం (హద్దు దాటిన నంబర్లను ఆ హద్దు దగ్గరే ఆపేయడం), నార్మలైజ్ చేయడం (అన్నిటినీ 0 నుంచి 1 లాంటి ఒకే కొలతలోకి తేవడం), 8 బిట్‌లోకి, అంటే 256 విలువల్లోకి కుదించడం, ఇవి నంబర్నే మార్చేస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో రెండూ పక్కపక్క మెనూల్లో ఉంటాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి.

అసలు విండో ఎందుకు అవసరమో లెక్క వేసి చూడండి. మామూలు సీటీలో 12 బిట్లు, అంటే 4096 విలువలు, -1024 నుంచి 3071 దాకా. స్క్రీన్ మీద చూపించే బూడిద రంగు మెట్లు మామూలుగా 256. మొత్తం రేంజ్ ఒకేసారి చూపిస్తే ఒక్కో మెట్టుకు 16 హెచ్‌యూ. మెదడులో బూడిద పదార్థానికీ తెల్ల పదార్థానికీ తేడా పది యూనిట్లు అటూ ఇటూ ఉంటుంది, అంటే ఒక మెట్టుకు కూడా చాలదు, మొత్తం మెదడు ఒకే ముద్దలా కనపడుతుంది. అదే విండో మధ్య 40, వెడల్పు 80 పెడితే 0 నుంచి 80 దాకానే ఆ 256 మెట్లూ పరుచుకుంటాయి, పది యూనిట్ల తేడా ముప్ఫై మెట్లకు పైగా అవుతుంది, అప్పుడు కంటికి ఆనుతుంది.

మేం రోజూ వాడేవి: మెదడుకు 40/80, పొట్టకు 40/400, ఊపిరితిత్తులకు -600/1500, ఎముకకు 400/1800. మొదటిది మధ్య, రెండోది వెడల్పు. మధ్యలోంచి వెడల్పులో సగం తీసేస్తే కింది హద్దు, కలిపితే పై హద్దు. పొట్ట విండో అంటే -160 నుంచి 240 అన్నమాట. డైకామ్ (స్కాన్ మెషీన్లు ఇచ్చే ఫైళ్ళ పద్ధతి) సూత్రంలో అర యూనిట్ అటూ ఇటూ సవరణ ఉంటుంది, చూడ్డానికి తేడా ఏమీ ఉండదు, మీరే సొంతంగా వ్యూయర్ రాస్తుంటే మాత్రం చదువుకోండి.

విండో ఇరుకైతే ఒక ప్రమాదం ఉంది. తోటలో కాలికి కట్టె పుల్ల దిగిందని వస్తారు. ఎండు కట్టె నిండా గాలే, అందుకని సీటీలో దాని నంబరు బాగా మైనస్‌లోకి పోతుంది. పొట్ట విండోలో -160 కింద ఉన్నదంతా ఒకే నలుపు కదా, అక్కడ పుల్ల గాలి బుడగలాగే కనపడుతుంది. వెడల్పు పెంచి, మధ్యను కిందికి దించితే గాలిలో కలిసిపోయిన పుల్ల విడిగా తేలుతుంది, గీత గీసినట్టు తిన్నగా. నంబర్లు ముందూ వెనకా అవే, చూపించే తీరు మారిందంతే. పుల్ల రోజులకొద్దీ లోపలే ఉండిపోతే తడి పీల్చుకుని నంబరు పెరుగుతుంది, అది ఇంకో తలనొప్పి.

ఫైల్ తెరిస్తే గాలి 24, నీళ్ళు 1024 అని చూపిస్తోంది. స్కాన్ తప్పా?

స్కాన్ బాగానే ఉంది, మీరు చూస్తున్నవి ఇంకా హెచ్‌యూ కాలేదు. డైకామ్ ఫైల్లో నిలవ ఉండే నంబరు వేరు, దాన్ని అదే ఫైల్లో రాసి ఉండే స్లోప్ అనే నంబరుతో గుణించి, ఇంటర్‌సెప్ట్ అనే నంబరు కలిపితే వచ్చేది హెచ్‌యూ. ఫైల్లో ఇవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలే ట్యాగ్‌లు: ఇంటర్‌సెప్ట్ ట్యాగ్ 0028,1052, స్లోప్ ట్యాగ్ 0028,1053. సీటీలో స్లోప్ ఎక్కువగా 1, ఇంటర్‌సెప్ట్ ఎక్కువగా -1024 ఉంటాయి, కానీ ఎప్పుడూ అంతే అనుకుని కోడ్‌లో రాసేయకండి, ఫైల్లోంచే చదవండి. ఇంటర్‌సెప్ట్ 0 ఉండే ఫైళ్ళు కూడా చూశాను.

పైథాన్‌లో డైకామ్ చదివే పైడికామ్‌లో పిక్సెల్ అర్రే తీసుకుంటే ముడి నంబర్లే ఇస్తుంది, మార్పిడి మీరే చేసుకోవాలి. సింపుల్ ఐటీకే, 3డీ స్లైసర్ లాంటి సాఫ్ట్‌వేర్లు అయితే అవే చేసి ఇస్తాయి. ఇక్కడే రెండో తప్పు జరుగుతుంది. ఒక టూల్ అప్పటికే మార్చి ఇచ్చినదాన్ని మళ్ళీ ఇంకోసారి మారుస్తారు. అప్పుడు నీళ్ళు -1024, గాలి -2024 అవుతాయి. కనుక్కోవడం తేలిక: పేషెంటు బయట, టేబుల్ పైన ఖాళీ జాగాలో మౌస్ పెట్టండి, -1000 దగ్గర రావాలి. 24 వస్తే మార్పిడి జరగలేదు, -2024 వస్తే రెండుసార్లు జరిగింది.

-3024 ఎక్కడిది? 63536 ఎక్కడిది?

స్కాన్ బొమ్మ గుండ్రం, ఫైల్ మాత్రం చతురస్రం. నాలుగు మూలల్లో కొలిచింది ఏమీ ఉండదు కాబట్టి కొన్ని మెషీన్లు అక్కడ -2000 అని నింపుతాయి. దానికి ఇంటర్‌సెప్ట్ -1024 కలిపితే -3024. అది గాలీ కాదు, ఇంకేదీ కాదు, అక్కడ డేటా లేదని చెప్పే గుర్తు. ఏ లెక్కా మొదలుపెట్టకముందే -1024 కంటే కిందున్నవన్నీ -1024 చేసేస్తే గొడవ వదులుతుంది.

63536 కూడా ఆ -2000 రూపమే. 16 బిట్లలో మైనస్ గుర్తు ఉందో లేదో ట్యాగ్ 0028,0103 చెప్తుంది. దాన్ని పట్టించుకోకుండా గుర్తు లేనిదిగా చదివితే 65536 లోంచి 2000 పోయి 63536 మిగులుతుంది. అప్పుడు నాలుగు మూలలూ తెల్లగా మెరుస్తాయి, మనిషి ఒళ్ళంతా నల్లగా మునిగిపోతుంది.

నా ప్రాజెక్టుకు రేంజ్ ఎంత పెట్టాలి?

"అందరూ ఎంత పెడతారో చెప్పక్కా" అని అడుగుతారు, నేను మాత్రం ముందు హిస్టోగ్రామ్, అంటే ఏ నంబరు ఎన్ని చుక్కలకు ఉందో చూపే గ్రాఫ్, గీయమంటాను. పోయిన వేసవిలో ఒకమ్మాయి పొట్ట స్కాన్ తెచ్చింది, మిద్దె మీద చాప పరుచుకుని కూర్చుని గీశాం. ఎడమ చివర -1000 దగ్గర ఒక పెద్ద శిఖరం, అది బయటి గాలి. తర్వాత పొడుగ్గా చదును. -100 దగ్గర ఒక గుట్ట, దాన్ని ఆనుకుని 50 దగ్గర ఇంకో గుట్ట. అక్కడి నుంచి కుడికి సన్నగా సాగిపోయే తోక, అది ఎముక. ఎదురుగా శేషాచలం కొండల అంచు కనపడుతుంటే ఆ అమ్మాయి వేలు పెట్టి "ఇది కొవ్వు, ఇది కండ" అని తనే చెప్పేసింది. ఏది ఎక్కడుందో అట్లా కంటితో చూశాక రేంజ్ ఎంతో ఎవరినీ అడగక్కర్లేదు.

మీకు కావలసిన గుట్టలు లోపల ఉండాలి, వాటికి అటూ ఇటూ కాస్త జాగా ఉండాలి. లివర్ పనికి -200 నుంచి 250 దాకా చాలామంది వాడతారు, ఊపిరితిత్తుల్లో గడ్డలు వెతికే పనికి -1000 నుంచి 400. ఎముకే కావాలంటే 400 దగ్గర కోసేయకండి, పైన 1500, 2000 దాకా వదలండి, లేకపోతే మెత్తటి ఎముక, గట్టి ఎముక ఒకే నంబరైపోతాయి. క్లిప్ చేసిన తర్వాత 1800 ఉన్న చోటా 400 ఉన్న చోటా ఇక 400నే, దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. అందుకే క్లిప్ చేసినదాన్ని ఎప్పుడూ కొత్త ఫైలుగా పెట్టండి, ఒరిజినల్ ఫోల్డర్‌ను రీడ్ ఓన్లీ చేసేయండి.

క్లిప్ అయ్యాక 0 నుంచి 1 లోకి మార్చేటప్పుడు ప్రతి పేషెంటుకూ వాళ్ళ మినిమమ్, మాక్సిమమ్ వాడొచ్చా?

వాడకండి. ఎంఆర్ఐ అలవాటు సీటీలోకి తెచ్చుకోవడం ఇది. ఎంఆర్ఐలో నంబరుకు స్థిరమైన అర్థం లేదు కాబట్టి బొమ్మకు బొమ్మ సర్దుకోవాల్సి వస్తుంది. సీటీలో అర్థం ముందే ఉంది, దాన్ని మనమే చెరిపేస్తే ఎట్లా? ఒక పేషెంటుకు వెన్నులో లోహం ఉంది, మాక్సిమమ్ 3071. ఇంకొకరికి లేదు, మాక్సిమమ్ 1400. ఇద్దరి లివరూ 55 హెచ్‌యూనే, కానీ మీ లెక్కలో మొదటివారిది ఒక నంబరు, రెండోవారిది వేరే నంబరు. ఈ నంబర్లు చూసి నేర్చుకునే కంప్యూటర్ మోడల్ పాపం ఏం నేర్చుకుంటుంది?

అందరికీ ఒకే హద్దులు పెట్టండి. -200 నుంచి 250 అనుకుంటే విలువకు 200 కలిపి 450తో భాగించండి, అంతే. స్కాన్‌లో భాగాలు విడదీయడానికి వాడే ఎన్ఎన్‌యూనెట్ పద్ధతి కూడా ఇదే దారి: శిక్షణ డేటా మొత్తంలో మనకు కావలసిన భాగాల విలువలు పోగుచేసి, 0.5 శాతం, 99.5 శాతం దగ్గర హద్దులు తీసుకుని, ఆ ఒకే సగటుతో, ఒకే స్టాండర్డ్ డీవియేషన్‌తో అందరినీ సర్దుతుంది.

ముందు డేటాను ఫ్లోట్ 32లోకి (దశాంశాలు పట్టే నంబరు రకంలోకి) మార్చుకోండి. 8 బిట్ పూర్ణాంకంలోకి నేరుగా పోస్తే 256 కాస్తా 0 అయి మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది, బొమ్మ మీద చారలు చారలుగా వస్తే అదే కారణం అనుకోండి.

జాగా సరిపోవట్లేదు, పీఎన్‌జీగానో జేపెగ్‌గానో దాచుకుంటే పోలా?

చూపించుకోవడానికి, రిపోర్టులో అతికించడానికి దాచుకోండి. ఒరిజినల్‌కు బదులుగా మాత్రం వద్దు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

కొన్నేళ్ళ కిందట పలమనేరు దగ్గర్నుంచి ఒక పెద్దాయన వచ్చారు, దవడ ఎముక దెబ్బతింది. ఆపరేషన్ ముందు డాక్టరు గారికి దవడ 3డీ మోడల్ కావాలి. స్కాన్ అంతకు వారం ముందే వేరే చోట తీయించారు, కొడుకు సీడీ జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చాడు. తెరిచి చూస్తే అన్నీ జేపెగ్‌లే, మెత్తటి భాగాల విండోలో తీసినవి. 240 పైనున్నదంతా ఒకే తెలుపు. దవడ గట్టి అంచు, లోపలి మెత్తటి భాగం, పంటి వేరు, అన్నీ ఒకే తెల్ల ముద్ద. మిల్లీమీటర్ల కొలత లేదు, స్లైస్ మందం లేదు. ఆ సెంటర్‌కు ఫోన్ చేస్తే పాత డేటా సిస్టమ్‌లో తీసేశామన్నారు. చివరికి ఆయన్ను మళ్ళీ టేబుల్ మీద పడుకోబెట్టి స్కాన్ తీశాను. తీసింది నేనే, అవసరం కాబట్టే తీశాను, కానీ అక్కర్లేకపోయిన ఎక్స్‌రే ఒక మనిషి ఒంట్లోకి పంపామన్న బాధ ఇప్పటికీ పోలేదు. ఆ కొడుకు "సీడీ ఇచ్చారు కదమ్మా" అని రెండు మూడు సార్లు అడిగాడు. సీడీ అయితే ఇచ్చారు, డేటానే ఇవ్వలేదు.

జాగా తక్కువైతే డైకామ్‌నే నష్టం లేని కంప్రెషన్‌తో దాచండి, లేదా నిఫ్టీలోకి (పరిశోధనల్లో వాడే ఇంకో స్కాన్ ఫైల్ రకంలోకి) మార్చి జీజిప్ చేయండి. విలువలు 16 బిట్ పూర్ణాంకాలుగా ఉంటే చాలు, 64 బిట్ ఫ్లోట్‌లో దాచి నాలుగింతలు పెంచుకోవడం దండగ.

నిఫ్టీలోకి మారిస్తే హెచ్‌యూ అట్లాగే ఉంటుందా?

ఉంటుంది, సరిగ్గా మారిస్తే. నిఫ్టీ హెడర్‌లో కూడా స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఉంటాయి. పైథాన్‌లో నిఫ్టీ చదివే నిబేబెల్‌లో గెట్ ఎఫ్‌డేటా వాడితే అవి కలిపే ఇస్తుంది. మార్చాక గాలి మీద మౌస్ పెట్టి చూసే పరీక్ష ఇక్కడ కూడా చేయండి.

తిప్పితే, రీశాంపుల్ చేస్తే (చుక్కల సైజు మారిస్తే) బొమ్మ చుట్టూ ఏదో చట్రం వస్తోంది, ఏంటది?

అది నీళ్ళు! నిజంగానే. తిప్పినప్పుడు ఖాళీ అయిన మూలల్ని సాఫ్ట్‌వేర్ మామూలుగా 0తో నింపుతుంది, ఫోటోలో అయితే 0 అంటే నలుపు, సీటీలో 0 అంటే నీళ్ళు. పేషెంటును నీళ్ళ తొట్టెలో పెట్టినట్టు అవుతుంది. ఇది నేను చాలా ప్రాజెక్టుల్లో చూశాను, మోడల్ అంచుల దగ్గర లేని కండను పట్టుకుంటుంటే ఎందుకో తెలియక తల పట్టుకుంటారు. నింపే విలువ -1024 అని మీరే చెప్పాలి. మాస్క్‌కు (ఏ చుక్క ఏ భాగమో చెప్పే లేబుళ్ళ బొమ్మకు) మాత్రం 0నే, దానికి నియరెస్ట్ (దగ్గరి చుక్క విలువే తీసుకునే) పద్ధతే, లేకపోతే ఒకటికీ రెంటికీ మధ్య ఒకటిన్నర అనే లేబుల్ పుడుతుంది.

చుట్టుపక్కల చుక్కల మీదుగా వంపు గీసి విలువ కట్టే క్యూబిక్ పద్ధతిలో రీశాంపుల్ చేస్తే గట్టి అంచుల దగ్గర విలువలు హద్దు దాటి -1100, -1200 కూడా వస్తాయి, అందుకని తర్వాత ఇంకోసారి క్లిప్ చేయండి.

3డీలో ఎముకకు చిల్లులు కనపడుతున్నాయి, నిజంగా ఉన్నాయా?

చాలాసార్లు ఉండవు. 3డీ బొమ్మలో థ్రెషోల్డ్ పెడతాం, అంటే ఒక నంబరు కింద ఉన్నదాన్ని లేనట్టే చూపిస్తాం. కంటి గూడు అడుగున ఎముక కాగితంలా పలచన, ఒక వోక్సెల్‌లో (3డీ చుక్కలో) ఎముక కొంత, పక్కనున్న కొవ్వో గాలో కొంత పడితే సగటు దిగిపోతుంది, 200 థ్రెషోల్డ్ దగ్గర అది మాయమై చిల్లులా కనపడుతుంది. స్లైస్ ఎంత మందమైతే చిల్లి అంత పెద్దది. 3డీ పనికి 1 మిల్లీమీటరు లోపు స్లైసులే అడగండి, 5 మిల్లీమీటర్లవి పెట్టుకుని థ్రెషోల్డ్‌తో కుస్తీ పడితే ఏమీ రాదు.

మా వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్ళేవాళ్ళు చాలామంది. ఒకసారి కట్టు విప్పించుకున్న ఒక రైతు కాలికి సీటీ తీశాం, ఎముక కూడిందా లేదా అని. ఫిల్మ్‌తో పాటు ఇచ్చిన 3డీ బొమ్మలో విరిగిన చోట ఖాళీ స్పష్టంగా ఉంది. బయట బెంచీ మీద ఆయన భార్య ఆ బొమ్మ చూసి ఏడుపు మొదలుపెట్టింది, నెలల తరబడి కట్టిందంతా వృథా అయిందని. లోపల రేడియాలజిస్టు మేడం స్లైసులు తెరిచి విండో దించితే ఆ ఖాళీలో పలచగా మబ్బులా కొత్త ఎముక. కొత్తగా కట్టే ఎముకలో సున్నం ఇంకా తక్కువ, నంబరు గట్టి ఎముకంత ఉండదు, 3డీ థ్రెషోల్డ్ 300 ఉంటే అది బొమ్మలోకే రాదు. నేను థ్రెషోల్డ్ స్లైడర్‌ను కొంచెం కొంచెం కిందికి లాగుతుంటే ఆ ఖాళీ నిండుతూ రావడం ఆమెకు చూపించాం. ఇంకా ఎన్ని రోజులు కాలు మోపకూడదో డాక్టరు చెప్పారు. ఆ రోజు నుంచి 3డీ బొమ్మ మీద థ్రెషోల్డ్ ఎంతో రాయకుండా ఎవరి చేతికీ ఇవ్వను.

కాంట్రాస్ట్ ఎక్కించిన స్కాన్‌లో చిక్కు ఇంకోరకం. రక్తనాళాలు కూడా 300, 400 దాకా వెళ్తాయి, మెత్తటి ఎముక కూడా అక్కడే ఉంటుంది. ఒక్క నంబరుతో రెండూ విడిపోవు, చేత్తో విడదీయాలి లేదా సాఫ్ట్‌వేర్‌తో భాగాలు విడదీసే సెగ్మెంటేషన్ చేయాలి.

అదే లివర్ ఒక స్కాన్‌లో 55, ఇంకో స్కాన్‌లో 110. హెచ్‌యూ స్థిరం అన్నారు కదా?

స్థిరమైనవి నీళ్ళు, గాలి. మిగతావి పరిస్థితిని బట్టి కదులుతాయి. మీ రెండో స్కాన్ కాంట్రాస్ట్ ఎక్కించాక తీసింది అయ్యుంటుంది, ముందు అది చూడండి. తర్వాత కేవీ (ఎక్స్‌రే ట్యూబుకు ఇచ్చిన వోల్టేజీ) చూడండి, ట్యాగ్ 0018,0060. కాంట్రాస్ట్‌లో ఉండే అయోడిన్ 33 కేఈవీ (ఎక్స్‌రే శక్తి కొలత) దగ్గర్నుంచి ఎక్స్‌రేని ఒక్కసారిగా ఎక్కువ పట్టుకుంటుంది, కాబట్టి 120 కేవీలో కంటే 80 కేవీలో బాగా మెరుస్తుంది. ఎముక కూడా అంతే. కొవ్వు అయితే ఇంకాస్త కిందికి దిగుతుంది. షార్ప్ కెర్నల్‌తో (అంచులు పదునుగా వచ్చేట్టు బొమ్మ కట్టే పద్ధతితో) తీసినదాంట్లో సగటు పెద్దగా మారదు కానీ గరుకుతనం పెరుగుతుంది, చుక్క చుక్కకూ నంబరు ఎగిరెగిరి పడుతుంది, అందుకే ఒక చుక్క మీద మౌస్ పెట్టి చదవకుండా చిన్న గుండ్రం గీసి సగటు తీయండి.

గుండె రక్తనాళాల్లో కాల్షియం లెక్కించే అగాట్‌స్టన్ స్కోరుకు హద్దు 130 హెచ్‌యూ. అది 120 కేవీకి, 3 మిల్లీమీటర్ల స్లైసుకు కుదిరిన లెక్క. కేవీ తగ్గించి అదే 130 వాడితే స్కోరు పెరిగిపోతుంది.

మా దగ్గర పొద్దున మెషీన్ వేడెక్కాక నీళ్ళ ఫాంటమ్ (నీళ్ళు నింపిన పరీక్ష డబ్బా) పెట్టి చూస్తాం, నడిమధ్యన 0కి కొన్ని యూనిట్ల లోపు రావాలి. రాకపోతే కాలిబ్రేషన్ అయ్యేదాకా పేషెంటును తీసుకోం.

కిడ్నీ రాయి హెచ్‌యూ కొలిచేటప్పుడు ఏ విండో?

కొలతకు విండోతో సంబంధం లేదు, కానీ గుండ్రం ఎక్కడ గీస్తామన్నది విండోను బట్టి మారిపోతుంది. పొట్ట విండోలో రాయి ఉబ్బినట్టు కనపడుతుంది, అంచుల అవతల కూడా కలిపి గీసేస్తారు, సగటు పడిపోతుంది. ఎముక విండో పెట్టుకుని, పెద్దది చేసి, రాయి లోపలే గీయండి. యూరిక్ యాసిడ్ రాళ్ళు ఎక్కువగా 500 లోపు ఉంటాయి, కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు 1000 దాటడం మామూలే. మరీ చిన్న రాయి, మందం స్లైసు అయితే ఆ నంబరును నమ్మలేం.

లోహం ఉన్న పేషెంటు డేటా?

12 బిట్లలో 3071 పైన ఏమీ పట్టదు. రాడ్డైనా స్క్రూ అయినా అన్నీ 3071 దగ్గర ఆగిపోతాయి. కొన్ని మెషీన్లలో ఎక్స్‌టెండెడ్ స్కేలు ఉంటుంది, ఇంప్లాంట్ ఆకారమే కావాలంటే అది అడగండి. లోహం చుట్టూ వచ్చే నల్ల చారల్లో నంబర్లు అబద్ధం, క్లిప్ చేసినా చారలు పోవు.

డెంటల్ సీబీసీటీకి (పళ్ళకూ దవడకూ తీసే కోన్ బీమ్ సీటీకి) ఇదే రేంజ్ వాడొచ్చా?

లేదు. ఫైల్లో హెచ్‌యూలాగే కనపడే నంబర్లు ఉంటాయి, కానీ చెదిరిన ఎక్స్‌రే ఎక్కువ, తల మొత్తం ఫ్రేములో ఉండదు, అందువల్ల ఒకే ఎముక మధ్యలో ఒక నంబరు, అంచున ఇంకో నంబరు చూపిస్తుంది. ఆకారానికి వాడండి, నంబరుకు వాడకండి.

మైక్రో సీటీలో (చిన్న వస్తువుల్ని స్కాన్ చేసే మెషీన్లో) కట్టె ముక్కల్ని స్కాన్ చేశాం. నంబర్లు 0.2, 0.3 అని వస్తున్నాయి.

అవి హెచ్‌యూ కావు, ఒక సెంటీమీటరు దూరంలో ఎంత ఆగిందన్న అసలు అటెన్యుయేషన్ విలువలు. 16 బిట్‌లోకి మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ కింది హద్దు, పై హద్దు అడుగుతుంది. అన్ని ముక్కలకూ ఒకే హద్దులు పెట్టి, అవి రాసిపెట్టుకోండి. ఆటో అని వదిలేస్తే ఒక్కో ముక్కకు ఒక్కో హద్దు పెట్టుకుంటుంది, ఎర్రచందనం చేవ ముక్క నీళ్ళల్లో మునిగేంత బరువు, దాని పక్కన తేలికపాటి కట్టె పెడితే రెండూ ఒకేలా తెల్లగా కనపడతాయి, మీరు పోల్చాలనుకున్న తేడానే పోతుంది. హెచ్‌యూలోకి మార్చాలంటే అదే సెట్టింగ్‌లో చిన్న గొట్టంతో నీళ్ళు కూడా స్కాన్ చేయాలి.

స్కాన్ సెంటర్‌లో ఏమని అడగాలి?

"డైకామ్ డేటా కావాలి, జేపెగ్ వద్దు, సన్న స్లైసులతో సహా ఇవ్వండి" అని అడగండి, కౌంటర్లో కాదు, స్కాన్ తీసేవాళ్ళనే అడగండి, స్కాన్ తీసిన రోజే అడగండి, సన్న స్లైసులు చాలా చోట్ల కొద్ది రోజులకే తీసేస్తారు. ప్రాజెక్టు కోసమైతే పేషెంటు అనుమతీ, పేరూ నంబరూ తీసేసిన కాపీ రెండూ తప్పనిసరి. సీడీ చేతికి రాగానే బయటికి వెళ్ళకముందే సైజు చూడండి. ఒక్కో స్లైసు 512 అడ్డం, 512 నిలువు, చుక్కకు రెండు బైట్లు, అంటే దాదాపు అర ఎంబీ. 300 స్లైసులకు 150 ఎంబీ దాకా రావాలి, కుదించి ఉంటే అందులో సగమో మూడో వంతో. పది ఎంబీ ఉంటే అక్కడే నిలబడి మళ్ళీ రాయించుకోండి.